మూడు రాజీనామాలు – ఒక రాష్ట్రపతి ఎన్నిక

రాష్ట్రపతి ఎన్నికలో మనబోటివారికి ఓటు లేదు. పార్లమెంటు సభ్యులును, రాష్ట్రముల శాసనసభ్యులును మాత్రమే ఆ ఎన్నికలో ఓటర్లు. కావున ఆ పదవికి పోటీచేయు పెద్దలు కూడలిలో సభలు పెట్టరు. బియ్యపు ధర తగ్గించెదమనియు, జీతములు పెంచెదమనియు వాగ్దానములు చేయరు. చేసినను నమ్మువారుండరు. మన రాజ్యాంగములోని 74వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి మంత్రిమండలి సలహా చొప్పున నడువవలసినవాడు. పన్నులు వేయుట, పరిశ్రమలు స్థాపించుట, కార్మికుల తగవులు తీర్చుట మొదలగునవన్నియు ఆయన పేరిట జరుగును గాని, ఆయన ఇచ్ఛవలన జరుగవు. ఇట్టి పదవికి నిలుచువాని దేశీయ విధానమేమి యని యడుగుటలో అర్థమున్నదా? ఉన్నచో దానికి సమాధానమును ఎచ్చట వెదకవలెను?

ఈ ప్రశ్నకు 1969వ సంవత్సరపు ఎన్నిక యొక చక్కని పాఠము. అది మన దేశములో జరిగిన అయిదవ రాష్ట్రపతి ఎన్నిక. రంగమున పదునైదుగురు నిలిచినను, లెక్కకు వచ్చినవారు ముగ్గురే. వారిలో తుదివరకు పోరాడిన ఇరువురును తెలుగువారు: శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు, శ్రీ నీలం సంజీవరెడ్డిగారు. మూడవవారగు శ్రీ చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌గారు మహారాష్ట్రులు. అయినను రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయమ్మగారిని 1953లో వివాహమాడిరి గనుక, వారు మన అల్లుడుగారు. తెలుగువారికి ఇంతటి బంధుత్వముగల రాష్ట్రపతి ఎన్నిక దానికి ముందును లేదు, తరువాతను లేదు.

భిలాయిలో నివసించు మనకు ఈ కథ మరింత చేరువైనది. ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభించినవారు ఆనాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు. సంజీవరెడ్డిగారు 1964 జూన్‌లో లాల్‌బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గమున చేరి, ఉక్కు, గనుల శాఖను వహించిరి. అప్పుడు మన కర్మాగారము పది లక్షల టన్నుల స్థాయినుండి ఇరువదియైదు లక్షల టన్నుల స్థాయికి విస్తరించుచుండెను. బొకారో కర్మాగారమునకై సోవియట్ ప్రభుత్వముతో 1965 జనవరిలో ఒప్పందము కుదిరినదియు వారి కాలముననే. ఇక గిరిగారి సంగతి. మన ఊరిమీదుగా సాగు హౌరా–నాగపూరు రైలుమార్గము ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మన పెద్దలు మూటాముల్లెతో ఏ బండి నెక్కి వచ్చిరో, ఆ విజయనగరము–రాయపూరు మార్గమును వేసినదియు ఆ కంపెనీయే. ఆ కంపెనీ కార్మికులకు సంఘమును కట్టి, 1920ల చివర వారి సమ్మెలకు నాయకత్వము వహించినవారు గిరిగారు. ఆయనయు మనవలె ఆంధ్రదేశపు పొలిమేర కావలి తెలుగువాడే; 1894లో బరంపురమున జన్మించిరి.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేనుగారు పదవిలో నుండగనే పరమపదించిరి. ఉపరాష్ట్రపతిగా నున్న గిరిగారు తాత్కాలికముగా రాష్ట్రపతి బాధ్యతలు వహించిరి. జులైలో బెంగుళూరున కాంగ్రెసు మహాసమితి సమావేశము జరిగెను. బ్యాంకులను జాతీయము చేయవలెనను వాదమును ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు అచ్చటనే ముందుకు తెచ్చిరి. రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అభ్యర్థిగా పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిగారిని నిర్ణయించినదియు అచ్చటనే. ఆ నిర్ణయము ప్రధానమంత్రికి ఇష్టమైనది కాదు. అటుపైని ఘటనలు ఒకదానివెంట నొకటి తరుముకొని వచ్చినవి. జులై 16న మొరార్జీ దేశాయిగారినుండి ఆర్థికశాఖ తొలగింపబడెను. జులై 19న, ఏబది కోట్ల రూపాయలకు తగ్గని డిపాజిట్లుగల పదునాలుగు బ్యాంకులను జాతీయము చేయుచు ఆర్డినెన్సు వెలువడెను. దానిపై సంతకము చేసినవారు గిరిగారు. మరునాడే వారు ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికకు నిలిచిరి. సంజీవరెడ్డిగారును లోక్‌సభ స్పీకరు పదవిని విడిచిరి. రెండు రోజులలో రెండు మహాపీఠములు ఖాళీ అయ్యెను. రెండింటను కూర్చున్నవారు తెలుగువారే. ఎన్నిక ముగియువరకు రాష్ట్రపతి బాధ్యతలను వహించినవారు ప్రధాన న్యాయమూర్తి శ్రీ హిదయతుల్లాగారు. మన పొరుగున నున్న రాయపూరులోనే వారు ఉన్నత పాఠశాల చదువు చదివిరి. నేడు అచ్చటి న్యాయవిశ్వవిద్యాలయమునకు వారి పేరే యున్నది.

ఎన్నిక ప్రచారమున అభ్యర్థులకు తగిలించిన బిళ్ళలు సులభమైనవి. గిరిగారు ప్రగతిశీలురు, బ్యాంకుల జాతీయకరణపక్షము. సంజీవరెడ్డిగారు పాతకాపుల అభ్యర్థి. స్వతంత్ర పార్టీయు జనసంఘమును నిలిపిన దేశ్‌ముఖ్‌గారు ప్రైవేటు వ్యాపారమునకు అండ. పత్రికలు ఇట్లు వ్రాసినవి; కార్యాలయములలో టీ త్రాగునపుడు జనులు ఇట్లే చెప్పుకొనిరి. కాని ఆ ముగ్గురి పూర్వచరిత్రను విప్పి చూచినచో ఈ బిళ్ళలు నిలువవు. ముగ్గురును అంతకు పూర్వము మంత్రిపదవులు వహించినవారు. ముగ్గురును దేశములోని సమస్యలను పురస్కరించుకొనియే ఆ పదవులకు రాజీనామా ఇచ్చినవారు. ఉపన్యాసములో మాట పెట్టుబడి లేనిది. రాజీనామాకు కుర్చీ పెట్టుబడి. కావున వారి విధానములను అచ్చటనే చదువవలెను.

మొదటి రాజీనామా గిరిగారిది, 1954 నాటిది. అప్పుడు వారు నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికశాఖ మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యముల వివాదము ట్రిబ్యునలు కెక్కి, అప్పీలు ట్రిబ్యునలు తీర్పువరకు నడిచినది. ఆ తీర్పు తమకు భారమని బ్యాంకులు మొరపెట్టగా, ప్రభుత్వము తీర్పును సవరించి ఉద్యోగులకు దక్కవలసినదానిని తగ్గించెను. గిరిగారు దానికి సమ్మతింపక పదవిని విడిచిరి. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి యున్నది. ట్రిబ్యునళ్ళ నిర్బంధపు తీర్పులనిన గిరిగారికి మొదటినుండియు ప్రీతి లేదు. యజమానులును కార్మికులును ఎదురెదురుగా కూర్చుండి బేరమాడుకొని ఒడంబడికకు రావలెననియు, దానికి బలమైన కార్మిక సంఘములుండవలెననియు వారి సిద్ధాంతము. కార్మికరంగమున అది గిరి మార్గమనియే పేరుపడినది. అయినను, కార్మికునిచేత తీర్పును ఒప్పించు ప్రభుత్వము తానును దానిని ఒప్పుకొనవలెను గదా! ఆ న్యాయము చెడినచోట ఆయన నిలువలేదు. 1966లో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ ఏర్పడి, జీతభత్యముల వివాదములు మధ్యవర్తి నిర్ణయమునకు పోవు పద్ధతి వచ్చినది. ఆ నిర్ణయమును ప్రభుత్వము మన్నించునా యను సంశయము కలిగినపుడు 1954 నాటి ఈ రాజీనామా మనకు గుర్తుకు రాదగినది.

రెండవది దేశ్‌ముఖ్‌గారి 1956 నాటి రాజీనామా. 1943లో రిజర్వు బ్యాంకు గవర్నరైన తొలి భారతీయుడు ఆయన. 1950లో ఆర్థికమంత్రి అయ్యెను. ఆయన ఆర్థికమంత్రిగా నుండగనే 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారెను. 1956 జనవరి 19న జీవితబీమా వ్యాపారము ఆర్డినెన్సు ద్వారా ప్రభుత్వహస్తగతమయ్యెను. ఇన్నూట నలుబదియైదు సంస్థలు దాని క్రిందికి వచ్చినవి. ఆ యేటనే సెప్టెంబరులో ఎల్.ఐ.సి. పుట్టినది. ప్రతినెల మన జీతములోనుండి ప్రీమియము కోతపడునపుడు మనము తలచుకొనదగినవారు వీరు! బొంబాయి నగరమును మహారాష్ట్రులకు గాని గుజరాతీలకు గాని ఈయక కేంద్రపాలితముగా నుంచవలెనను నిర్ణయము వచ్చినపుడు, దానికి నిరసనగా ఆయన ఆర్థికమంత్రి పదవిని త్యజించిరి. బీమాను జాతీయము చేసిన మంత్రియే 1969లో జాతీయకరణమును వ్యతిరేకించు పక్షములకు అభ్యర్థి కావలసివచ్చెను.

మూడవ రాజీనామా సంజీవరెడ్డిగారిది. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రి వారు. నడుమ అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులై, 1962లో మరల ముఖ్యమంత్రి అయిరి. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సులు నడుచు మార్గములను ప్రభుత్వ రవాణాసంస్థ పరము చేయు పథకము వారి కాలమున వచ్చెను. బస్సుల యజమానులు కోర్టు కెక్కిరి. సుప్రీంకోర్టు ఆ పథకమును కొట్టివేయుచు, అందు ముఖ్యమంత్రి ఉద్దేశములను గూర్చి కఠినమైన వ్యాఖ్యలు చేసెను. ఆ వ్యాఖ్యల అనంతరము 1964 ఫిబ్రవరిలో వారు పదవినుండి తొలగిరి. కోర్టు వారిని పదవినుండి తీసివేయలేదు; ఆ మాటలు పడిన తరువాత కుర్చీలో కూర్చుండుట తగదని తామే లేచిరి. 1967లో స్పీకరైనపుడు, ఆ పీఠమునకు పక్షపాతము తగదని కాంగ్రెసు సభ్యత్వమునే వదలుకొనిరి. అంతకు పూర్వము ఏ స్పీకరును అట్లు చేయలేదు. బస్సుల జాతీయకరణము కారణముగా ముఖ్యమంత్రి పదవిని పోగొట్టుకొన్న ఈ మనిషినే అయిదేండ్ల తరువాత జాతీయకరణమునకు అడ్డుగోడగా చిత్రించిరి.

అట్లయినచో, ఆ ఎన్నికలో నిజముగా విధానభేదమే లేదా? లేదనుట పొరపాటు. అయితే అది అభ్యర్థుల నోటనుండి వచ్చినది కాదు. వారివెనుక నిలిచినవారి బలాబలములనుండి వచ్చినది. ప్రధానమంత్రికిని పార్టీ పెద్దలకును పోరు ముదిరినది. లోక్‌సభలో బలము చీలినచో ఎవరిని పిలువవలెను, సభను రద్దుచేయుమని సలహా వచ్చినచో ఏమి చేయవలెను అను ఘట్టములలో రాష్ట్రపతి మనసుకు పని యున్నది. ఆ కలమెవరి చేతిలో నుండవలెననునదే అసలు పందెము. సంజీవరెడ్డిగారి నామినేషనుపై ప్రధానమంత్రియే సంతకము చేసియుండిరి. తరువాత కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు స్వతంత్ర, జనసంఘ నాయకులతో రెండవ ప్రాధాన్యపు ఓట్లకై మాటలాడిరని తెలియగా, దానిని కారణముగా చూపి అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని ఆమె వర్గము పిలుపునిచ్చెను. కమ్యూనిస్టు పక్షములు, ద్రావిడ మున్నేట్ర కళగము, అకాలీదళము గిరిగారిని బలపరచినవి. సంజీవరెడ్డిగారిపై పేరులేని కరపత్రమొకటి సభ్యుల నడుమ చెలామణి అయ్యెను. దేశీయ విధానము చర్చింపబడవలసినచోట వ్యక్తిదూషణ ప్రవేశించుట ఆ ఎన్నికకు మచ్చ.

ఆగస్టు 16న ఓటింగు జరిగెను. 20న లెక్కించగా మొదటి ప్రాధాన్యములో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 విలువగల ఓట్లు వచ్చినవి. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవరికిని అది దక్కలేదు. వెనుకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరినే తొలగించుచు రెండవ ప్రాధాన్యములను పంచుకొనుచు పోగా, దేశ్‌ముఖ్‌గారి ఓట్లలో అధికభాగము సంజీవరెడ్డిగారివైపు మొగ్గెను. అయినను తుదకు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 అయినవి. తేడా 14,650 మాత్రమే. మన రాష్ట్రపతి ఎన్నికలలో రెండవ ప్రాధాన్యపు లెక్కతో తేలినది ఇదొక్కటే. ఆగస్టు 24న గిరిగారు ప్రమాణస్వీకారము చేసిరి. ఆ నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలెను. ఎన్నిక చెల్లదని వచ్చిన పిటిషనులో గిరిగారు పదవిలో నుండగనే 1970లో సుప్రీంకోర్టుకు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. కోర్టు ఆ పిటిషనును కొట్టివేసెను.

ఇక గెలిచిన అభ్యర్థి విధానము పదవిలో ఏమయ్యెనో చూడవలెను. బ్యాంకుల జాతీయకరణ చట్టమును సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరి 10న కొట్టివేయగా, నాలుగు రోజులలో క్రొత్త ఆర్డినెన్సుపై గిరిగారు సంతకము చేసిరి. అంతవరకు పదవికిని మనసుకును వైరుధ్యము కానరాదు. అసలు పరీక్ష 1974 మే నెలలో వచ్చినది. మే 8న దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె కట్టిరి. ముందుండి నడిపినది అఖిలభారత రైల్వేమెన్ ఫెడరేషను. దాని స్థాపకులలో నొకరు గిరిగారు! వేలకొలది కార్మికులు నిర్బంధింపబడిరి. అనేకులు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. ఇరువది దినములలో సమ్మె ముగిసెను. ఖరగపూరు కార్మికుల పక్షమున నిలిచిన నాయకుడు అప్పుడు రాష్ట్రపతిభవనములో నుండెను. ఆ ప్రభుత్వము ఆయన పేరిట నడుచుచుండెను. 1954లో మంత్రిగా చేసినట్లు ఆయన రాజీనామా ఇచ్చి బయటికి రాలేదు.

దీనిని చూచి గిరిగారిని నిందించువారు కలరు. నాకు మాత్రము ఆ నింద తొందరపాటుగా తోచును. మంత్రికిని రాష్ట్రపతికిని భేదమున్నది. మంత్రి విధానకర్తలలో నొకడు. తన మాట చెల్లనిచోట తొలగుట అతని ధర్మము. రాష్ట్రపతి ఒక విధానము నచ్చక తొలగినచో, విధానము తనదేయని ఒప్పుకొన్నట్లగును. రాష్ట్రపతి, గవర్నరు మంత్రుల సలహా ననుసరించియే వర్తింపవలెనని సుప్రీంకోర్టు విశాల ధర్మాసనము విస్పష్టముగా తీర్పు చెప్పినది 1974 ఆగస్టు 23న. గిరిగారి పదవీకాలము ముగిసినది ఆ మరునాడే. 1976లో 42వ సవరణ ఆ మాటను రాజ్యాంగములోనే చేర్చెను. సలహాను ఒకమారు పునరాలోచనకై త్రిప్పిపంపు అధికారమును 1978 నాటి 44వ సవరణ కల్పించెను. ఆ వెసులుబాటు గిరిగారికి లేకపోయెను.

అయితే ఒక్క ప్రశ్న మిగులును. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు అవసరములకు చాలు కనీసవేతనము కోరి ఒకనాటి సమ్మె చేసిరి. దానిని నిషేధించుచు ఆరు దినముల ముందే ఆర్డినెన్సు వచ్చెను. అనేకులు శిక్షలు పొందిరి. ఆ గాయము పచ్చిగా నున్న మరుసటి యేటనే గిరిగారు ఎన్నికకు నిలిచిరి. కార్మికబాంధవుడు రాష్ట్రపతి అగుచున్నాడని సంతోషించిన ఉద్యోగులు తమ తగవులు ఇక తీరునని ఆశించియుందురు. ఆ ఆశ నెరవేరదని వారికి ముందుగా చెప్పవలసినదెవరు? అభ్యర్థి చెప్పవలెను, ఆయన పక్షముల వారు చెప్పవలెను, చదువుకొన్న మనబోటివారమును చెప్పవలెను. పదవికి లేని శక్తిని అభ్యర్థికి ఆపాదించి ఓట్లడుగుట ప్రజలకు చేసిన ఋణము వంటిది. తీర్చువారు లేని ఋణము.

సంజీవరెడ్డిగారు ఓడిన తరువాత అనంతపురము జిల్లాకు పోయి సేద్యము చేసుకొనిరి. 1977లో జనతాపక్షమున ఆంధ్రప్రదేశమునుండి గెలిచిన ఏకైక లోక్‌సభ సభ్యులై, మరల స్పీకరై, జులైలో పోటీ లేకుండ రాష్ట్రపతి అయిరి. 1979లో మొరార్జీ ప్రభుత్వము పడిపోయినపుడు చరణ్‌సింగుగారిని పిలుచుటయు, ఆయన రాజీనామా పిదప లోక్‌సభను రద్దుచేయుటయు వారి నిర్ణయములే. వాని యుక్తాయుక్తములపై నేటికిని వాదములున్నవి. 1969లో అందరును లోలోన తలపోసిన సందర్భము పదేండ్లకు వచ్చెను. అప్పుడు కలము ఓడిన అభ్యర్థి చేతిలోనే యుండెను.

ఈ చరిత్రను ఫైళ్ళమీద పనిచేయు మనము తేలికగా గ్రహింపగలము. గుమాస్తా మొదలు కార్యదర్శివరకు ప్రతివాడును నోటు వ్రాయును. తనకు తోచినది నిర్భయముగా వ్రాయవచ్చును, వ్రాయవలెను కూడ. పైనుండి ఆజ్ఞ వచ్చిన తరువాత అది తన నోటుకు విరుద్ధమైనను శ్రద్ధగా అమలుపరుపవలెను. కాని ఆ నోటు ఫైలునుండి చెరగిపోదు. ముప్పదేండ్ల తరువాత ఎవరైనను ఫైలు విప్పినచో, ఎవడు ఏమి తలచెనో అందు కానవచ్చును. దేశములో అందరికంటె పెద్ద సంతకము చేయువాని స్థితియు దాదాపు ఇట్టిదే. అందుచేత రాష్ట్రపతి అభ్యర్థి రేపు ఏమి చేయునని యడుగుట కంటె, నిన్న ఏ నోటు వ్రాసెను, దానికై ఏ కుర్చీ విడిచెనని యడుగుట మేలు. 1954, 1956, 1964 నాటి ఆ మూడు రాజీనామాలు అట్టి నోటులు.

మన భిలాయిలో తయారైన పట్టాలు దేశమంతట పరచియున్నవి. గిరిగారు సంఘము కట్టిన ఆ పాత బెంగాల్ నాగపూర్ మార్గముననే అవి ఇచ్చటినుండి బయలుదేరును. ఆ బండ్ల శబ్దము రాత్రివేళ మన క్వార్టర్లలోనికి వినవచ్చినపుడు, ఒక తెలుగు కార్మికనాయకుని, ఒక తెలుగు ఉక్కుమంత్రిని, ఒక తెలుగింటి అల్లుని కూడ ఒక్కసారి తలచుకొందము. ముగ్గురిలో నెవరును మనకు ఏమియు వాగ్దానము చేయలేదు. తాము నమ్మినదానికై కుర్చీని విడువగలవారమని మాత్రము ముగ్గురును ముందే చూపియుండిరి.